అశ్వహృదయం – అక్షహృదయం

మహాభారతంలోని నలోపాఖ్యానంలో ఒక విచిత్రమైన రథయాత్ర కనిపిస్తుంది. రాజ్యం పోగొట్టుకొని, భార్యను విడిచి, వికృతరూపం పొందిన నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో సారథిగా చేరుతాడు. ఒక్క పగటిలో రాజును విదర్భకు చేర్చవలసిన అవసరం కలుగుతుంది. అందుకు బాహుకుడు ఎంచుకొన్న గుర్రాలు బక్కచిక్కి ఉంటాయి. రాజు వాటిని చూచి సందేహిస్తాడు. బాహుకుడు మాత్రం పైమెరుగును గాక వాటి అంగలక్షణాలను చూచి ఎన్నుకొన్నాడు. రథం కదిలిన తరువాత రాజు ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపమని అడిగేలోపే అది పడిన చోటు ఆమడ దూరం వెనుకబడిపోతుంది. గుర్రం మనసు తెలిసి, దాని బలాన్ని సంపూర్ణంగా వెలికి తీసే ఆ విద్యకు అశ్వహృదయమని పేరు.

నేటి వాహనాలకు గుర్రాలు లేవు. అయినా ఇంజను బలాన్ని నేటికీ 'అశ్వశక్తి'తోనే కొలుస్తున్నారు. పద్దెనిమిదవ శతాబ్దంలో జేమ్స్ వాట్ ఆవిరియంత్రం సామర్థ్యాన్ని జనానికి అర్థమయ్యేట్లు చెప్పడానికి గుర్రం చేయగల పనితో పోల్చాడు. ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లకు సమానం. ఇంజనును విప్పి, దాని లోపలి కొలతలను సవరించి, ఎక్కువ బలమూ వేగమూ రాబట్టే విద్యకు నేటి యువతలో గొప్ప ఆకర్షణ ఉంది. దీనిని నేర్పుతామని చెప్పే శిక్షణ సంస్థలు మహానగరాలలో వెలిశాయి. ఆ శిక్షణకు డబ్బూ కాలమూ వెచ్చించడం లాభమా, నష్టమా అన్నది నేడు అనేక గ్రామీణ కుటుంబాలు ఆలోచించవలసిన విషయం.

కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలికి దక్షిణాన ఉన్న అమృతలూరును ఉదాహరణగా తీసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుండి ఇది బాపట్ల జిల్లాలో భాగం. కాలువ నీటితో వరి, వరికోతల తరువాత మినుము, జొన్న, మొక్కజొన్న పండే నేల ఇది. ఒకప్పుడు ఎడ్లూ మనుషులూ చేసిన పనులను నేడు ట్రాక్టరు, వరికోత యంత్రం, నూనె ఇంజను చేస్తున్నాయి. ఇక్కడి పిల్లవానికి ఇంజను శబ్దం పసినాటి నుండి పరిచితమే. ట్రాక్టరు పొగ నల్లగా వస్తున్నదో తెల్లగా వస్తున్నదో చూచి లోపమేమిటో చెప్పగల రైతులు ఊరూరా ఉంటారు. అటువంటి ఊరిలో పదవ తరగతి పూర్తిచేసిన ఒక పిల్లవాడు, తనకు చదువుకంటే ఇంజను మీదనే మనసు ఉన్నదని, పందెపు వాహనాల ఇంజనులను తయారుచేసే విద్య నేర్చుకొంటానని ఇంట్లో చెప్పాడనుకొందాం. తండ్రికి ఉన్నది ఎకరం పొలం, మరికొంత కౌలు. రుసుము కట్టాలంటే అప్పు చేయాలి, లేదా తల్లి మెడలోని బంగారాన్ని కుదువ పెట్టాలి. ఆ కుటుంబం ఏమని నిర్ణయించుకోవాలి?

ముందుగా ఆ విద్య స్వరూపాన్ని గ్రహించాలి. ఇంజను గాలినీ ఇంధనాన్నీ కలిపి మండించి, ఆ మంట బలంతో పిస్టనును నెట్టే యంత్రం. పెట్రోలు ఇంజనులో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. బలం పెరగాలంటే లోపలికి ఎక్కువ గాలి పోవాలి, దానికి తగిన ఇంధనం అందాలి, నిప్పురవ్వ సరిగా అందవలసిన క్షణంలో అందాలి, వాల్వులు తెరుచుకొనే వేళ కుదరాలి. వీటిలో ఒకదానిని మార్చితే మిగిలినవన్నీ మారవలసివస్తుంది. గాలిని అణచే నిష్పత్తిని పెంచితే బలం పెరుగుతుంది. హద్దు దాటితే ఇంధనం అకాలంలో మండి పిస్టను దెబ్బతింటుంది. సిలిండరు గోడకూ పిస్టనుకూ మధ్య వదలవలసిన సందు వెంట్రుక మందం కంటె తక్కువ కావచ్చు. అది తగ్గితే వేడికి ఇంజను బిగుసుకొంటుంది, పెరిగితే నూనె తాగుతుంది. కాబట్టి ఇది మంత్రవిద్య కాదు, కొలతల విద్య. లేతు మీద పనిచేసే చేయి, అంకెను తప్పు చదవని కన్ను, నేటి వాహనాలలో ఇంధనాన్నీ నిప్పురవ్వనూ శాసించే ఎలక్ట్రానిక్ పెట్టె భాష తెలిసిన బుద్ధి, ఈ మూడూ కలిసినప్పుడే అది పట్టుబడుతుంది.

బడికి పోకుండానే ఈ విద్య రాదా అని కొందరు అడుగుతారు. అందుకు వారు చూపే ఉదాహరణలలో ముఖ్యమైనది కోయంబత్తూరుకు చెందిన జి.డి. నాయుడు గారి జీవితం. 1893లో కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాతృభాషగా గల కుటుంబంలో ఆయన జన్మించారు. బడిచదువు ఆయనకు రుచించలేదు. ఒక ఆంగ్ల ఉద్యోగి నడిపే మోటారు సైకిలును చూచి, అటువంటిది కొనాలనే కోరికతో కోయంబత్తూరులోని ఒక భోజనశాలలో వడ్డనపని చేసి డబ్బు కూడబెట్టారు. కొన్న బండిని ఊడదీసి, తిరిగి బిగించి, దాని మర్మం తెలుసుకొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల నడుమ ఒక బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించి, క్రమంగా పెద్ద సంస్థకు అధిపతి అయ్యారు. భారతదేశపు ఎడిసన్ అని ప్రజలు ఆయనను కొనియాడారు.

ఈ కథను ఇక్కడ ఆపితే శిక్షణ అనవసరమని అనిపిస్తుంది. కాని నాయుడు గారు తమ జీవితం నుండి అటువంటి పాఠం తీసుకోలేదు. 1945లో ఆయన కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయాన్ని నెలకొల్పారు. తరువాతి కాలంలో అది ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా రూపొందింది. ఇంజనీరింగు విద్యకు అన్ని ఏండ్లు అక్కరలేదని, చేతిపనితో కూడిన స్వల్పకాలిక శిక్షణ చాలునని ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో తాము స్థాపించిన విద్యాలయ బాధ్యతల నుండే తప్పుకొన్నారు. చదువు మానినవాడు చదువుల బడి కట్టాడంటే, గురువు లేని విద్యకు ఎంత మూల్యం చెల్లించాలో ఆయన ఎరిగి ఉన్నారని అర్థం. ఆయన వ్యతిరేకించినది శిక్షణను కాదు, అవసరానికి మించి సాగే కాలాన్ని.

మరొక సంగతి కూడ గమనించాలి. లోకం విజయం పొందిన ఒక్క నాయుడు గారిని జ్ఞాపకం ఉంచుకొంటుంది. షెడ్డులో చేరి, సంవత్సరాల తరబడి పానాలు అందించడం, డీజిలుతో విడిభాగాలు కడగడం తప్ప మరేమీ నేర్చుకోకుండా మిగిలిపోయినవారిని ఎవరూ లెక్కించరు. మేస్త్రి మంచివాడైతే షెడ్డే విశ్వవిద్యాలయం. కాకపోతే బాల్యమంతా నూనె మరకలలోనే గడిచిపోతుంది. షెడ్డులో పని ఎలా చేయాలో తెలుస్తుంది. ఎందుకలా చేయాలో తెలియడం అరుదు. పాత ఇంజనుకు 'ఎలా' సరిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాల తరువాత వచ్చిన వాహనాలలో లోపాన్ని చెవితో మాత్రమే కనిపెట్టడం కష్టం. సెన్సరు చెప్పే అంకెను చదవగలగాలి. కావున శిక్షణ అవసరమే. అయితే ఏ శిక్షణ, ఎంత వెలకు అన్నదే అసలు ప్రశ్న.

పందెపు ఇంజనుల పని ఎక్కడ ఉన్నదో పరిశీలిస్తే వాస్తవం తెలుస్తుంది. మన దేశంలో స్థిరమైన పందెపు బాటలు వేళ్ళమీద లెక్కించదగినవి. చెన్నై సమీపంలో ఇరుంగాట్టుకోట్టై వద్ద ఒకటి, కోయంబత్తూరులో ఒకటి, 2011లో ప్రారంభమైన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ బాట ఒకటి వాటిలో ముఖ్యమైనవి. కోయంబత్తూరు బాటకు ఎస్. కరివర్ధన్ పేరు పెట్టారు. మారుతి కారు ఇంజనుతో ఒంటి సీటు పందెపు కారును రూపొందించి, సామాన్య యువకులకు కూడ ఆ క్రీడను అందుబాటులోకి తెచ్చిన వ్యక్తి ఆయన. ఆ నగరాలలో పందెపు బృందాలున్నాయి, వాటికి నిపుణులు కావాలి. కాని ఆ ఉద్యోగాల సంఖ్య స్వల్పం. అవి ఉన్నచోటు అమృతలూరు నుండి దూరం.

తెలుగునాట జరిగిన పెద్ద పందెం సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ప్రపంచస్థాయి ఫార్ములా ఈ పోటీ జరిగింది. లోకమంతా చూచిన ఆ పందెంలో పరుగెత్తిన కార్లకు పిస్టను లేదు, వాల్వు లేదు, ఇంధనపు టాంకి లేదు. అవన్నీ విద్యుత్తుతో నడిచేవే. మరుసటి సంవత్సరం జరగవలసిన పోటీ రద్దయింది. వేగానికి ఇంజనొక్కటే మార్గం కాదన్న హెచ్చరిక ఆ ఒక్క పందెంలోనే ఉంది.

వీధిలో తిరిగే బండ్ల బలం పెంచి సంపాదించవచ్చునని కొందరు యువకులు భావిస్తారు. ఇక్కడ చట్టం అడ్డుపడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని మరింత స్పష్టంగా ధ్రువీకరించింది. పొగగొట్టం మార్చి ఊరంతా దద్దరిల్లేట్లు బండి నడిపేవానికి జరిమానా పడుతుంది. ఆ మార్పు చేసి ఇచ్చిన మెకానిక్కు వృత్తి గౌరవం పోతుంది. చట్టం ఒప్పని పనిని ఆధారంగా చేసుకొని జీవితాన్ని నిర్మించుకోవడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

ఇక లెక్కకు రావాలి. కింది అంకెలు కేవలం ఉదాహరణకే. ఏ కుటుంబమైనా తమ అంకెలను వీటి స్థానంలో ఉంచుకోవచ్చు. ఏడాది శిక్షణకు రుసుము రెండు లక్షల రూపాయలు అనుకొందాం. నగరంలో బసకూ భోజనానికీ నెలకు 8,000 చొప్పున 96,000 అవుతుంది. ఆ ఏడాది షెడ్డులో పనిచేసి ఉంటే నెలకు 10,000 చొప్పున 1,20,000 చేతికి వచ్చేది. అది కూడ ఖర్చు కిందనే లెక్క. మొత్తం 4,16,000 రూపాయలు. శిక్షణ పొందినవానికి, అదే ఏడాది షెడ్డులో గడిపినవానికంటె నెలకు 4,000 ఎక్కువ వస్తే, పెట్టుబడి తిరిగి రావడానికి 104 నెలలు, అనగా ఎనిమిదేళ్ళ ఎనిమిది నెలలు పడుతుంది. 10,000 ఎక్కువ వస్తే మూడున్నరేళ్ళు చాలు. అప్పుకు వడ్డీ కలిపితే రెండు గడువులూ పెరుగుతాయి. కనుక తేల్చవలసింది రుసుము ఎంత అన్నది మాత్రమే కాదు, శిక్షణ వలన జీతంలో కలిగే తేడా ఎంత అన్నది. కరపత్రాలు మొదటిదానిని చిన్న అక్షరాలతో చెపుతాయి; రెండవదానిని అసలు చెప్పవు.

ఇదే తక్కెడలో మరొక మార్గాన్ని తూచి చూడాలి. 1950లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ వృత్తి శిక్షణ పథకం కింద ఐ.టి.ఐ.లు నడుస్తున్నాయి. వాటిలో డీజిలు మెకానిక్ శిక్షణ ఒక సంవత్సరం, మోటారు వాహన మెకానిక్ శిక్షణ రెండు సంవత్సరాలు. పదవ తరగతి చదివినవారు చేరవచ్చు. ప్రభుత్వ సంస్థలలో రుసుము స్వల్పం. పూర్తిచేసినవారికి దేశమంతటా చెల్లుబాటయ్యే ధ్రువపత్రం లభిస్తుంది. ఆపైన 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం పరిశ్రమలలో భృతి పొందుతూ పని నేర్చుకొనే వీలుంది. వాహన తయారీ సంస్థల సేవాకేంద్రాలు, రోడ్డు రవాణా సంస్థ డిపోలు, ట్రాక్టరు కంపెనీల డీలర్లు, విజయవాడ ఆటోనగరంలోని పనిశాలలు అటువంటివారికి పరిచితమైన ద్వారాలు. కోతల కాలంలో యంత్రం పొలంలో ఆగిపోతే ఒక్క పూట ఆలస్యం కూడ రైతుకు నష్టమే. మబ్బు పట్టిన వేళ యంత్రాన్ని గంటలో నడిపించగల మెకానిక్కు అమృతలూరు పరిసరాలలో లభించే విలువ, పందెపు బాట మీద లభించే విలువకు తీసిపోదు.

అంటే పందెపు ఇంజను కల కన్నవాడు దానిని వదులుకోవాలని కాదు, క్రమం పాటించాలని. ముందు మూలవిద్య, తరువాత ప్రత్యేక విద్య. వ్యాకరణం నేర్వకుండా కావ్యం రాయబూనినవానికీ, మామూలు ఇంజను బాగుచేయడం రాకుండా పందెపు ఇంజను పట్టుకొన్నవానికీ భేదం లేదు. ఐ.టి.ఐ. చదివి, రెండు మూడేళ్ళు పనిచేసి, సొంత సంపాదనలో కొంత కూడబెట్టుకొన్న యువకుడు ప్రత్యేక శిక్షణకు పోతే అతనికి మూడు లాభాలు. బోధన మంచిదో కాదో తానే తేల్చుకోగలడు. నేర్చినదానిని వెంటనే పనిలో పెట్టగలడు. ఆ దారి కలిసిరాకపోయినా జీవనాధారం చేతిలో ఉంటుంది. తల్లి బంగారం తల్లి మెడలోనే ఉంటుంది.

రుసుము చెల్లించే ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏడాదిలో ప్రతి విద్యార్థి తన చేతులతో ఎన్ని ఇంజనులు విప్పి బిగిస్తాడు? బలాన్ని కొలిచే డైనమోమీటరు సంస్థలో ఉన్నదా, ఉన్నా విద్యార్థులను దాని దగ్గరకు రానిస్తారా? ఇచ్చే ధ్రువపత్రానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా? నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడ, ఏ పని చేస్తున్నారు? విద్యుత్ వాహనాలను గూర్చి ఏమి నేర్పుతారు? చివరి రెండింటికి జవాబులు కార్యాలయంలో కాక, పాత విద్యార్థుల నోట వినాలి. వీటికి సూటిగా బదులు చెప్పగల సంస్థ ఖరీదైనదైనా ఆలోచించదగినదే. చెప్పలేనిది చౌకగా వచ్చినా వద్దు.

ఇక్కడ న్యాయం కోసం ఒక మాట చెప్పక తప్పదు. మెకానిక్ విద్య గిట్టుబాటవుతుందా అని ఇన్ని లెక్కలు వేసే సమాజం, ఇంజనీరింగు కళాశాలలో లక్షలు పోసేటప్పుడు ఆ లెక్క వేయదు. నాలుగేళ్ళు చదివి, తాను చదివిన శాస్త్రంలో పని దొరకక, మరేదో శిక్షణకు మళ్ళీ రుసుము కట్టే పట్టభద్రులు ఊరూరా ఉన్నారు. అక్కడ గౌరవం కొంటున్నామనుకొని అంకెలు మరిచిపోతారు. ఇక్కడ నూనె మరక చూచి అంకెలు గుర్తుకు తెచ్చుకొంటారు. ఈ పక్షపాతం తగదు. చేతిపనిని చిన్నచూపు చూడడానికి ఈ నేలకు హక్కు లేదు. అమృతలూరుకు చేరువలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో జరిగిన తవ్వకాలలో రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు భరిణె లభించాయి. రెండువేల ఏండ్ల క్రిందట అంత కఠినమైన స్ఫటికాన్ని తొలిచి, మూత అమర్చిన పనివాడు కూడ కొలత తప్పని చేయి గలవాడే. పాత బోల్టులను, గేరుచక్రాలను అతికి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులు నేటి తెనాలిలో ఉన్నారు. కాబట్టి ఏ విద్యకైనా లెక్క ఒక్కటే కావాలి, గౌరవమూ ఒక్కటే కావాలి.

ప్రతి విద్యనూ రూపాయలతో తూచవచ్చునా అని కొందరు ప్రశ్నించవచ్చు. మనసుకు నచ్చిన పనిలో పొందే తృప్తికి వెల కట్టలేము. నిజమే. అయితే ఆ తృప్తి తనకు దక్కుతున్నప్పుడు దాని వెలను అప్పు తీర్చే తల్లిదండ్రులు చెల్లిస్తున్నారా అన్నది కూడ మనసు అడగవలసిన ప్రశ్నే. లెక్క ఆశకు శత్రువు కాదు, ఆశను కాపాడే కావలి.

నలుని ప్రయాణం ఉత్తరీయం జారినచోట ముగియలేదు. దారిలో ఒక తాండ్రచెట్టును చూపి దాని ఆకులు, కాయల సంఖ్యను ఋతుపర్ణుడు చూపుతోనే చెపుతాడు. విదర్భకు వేళ మించిపోతున్నా నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. రథం ఆపి, చెట్టును పడగొట్టి, లెక్కించి చూచాడు. సంఖ్య సరిపోయింది. అప్పుడు తన అశ్వహృదయాన్ని ఇచ్చేందుకు ఒప్పుకొని, రాజు దగ్గరి అక్షహృదయాన్ని, అనగా పాచికల మర్మాన్నీ సంఖ్యల మర్మాన్నీ తెలిపే విద్యను గ్రహించాడు. ఆ విద్య అందిన క్షణంలోనే, అంతవరకు అతనిని పట్టి పీడించిన కలి అతనిని విడిచిపెట్టాడు.

గుర్రాల హృదయం తెలిసినవాడే జూదంలో రాజ్యం పోగొట్టుకొన్నాడన్నది ఆ కథలో మరువరాని అంశం. ఇంజను మీద ప్రేమ ఉన్న పిల్లవానికి మొదటి హృదయం పుట్టుకతోనే వచ్చింది. రుసుము కట్టే రోజున అతనికి కావలసింది రెండవది.